మెదకు చర్చి గచ్చు

సినిమాల పుణ్యమా అని మనకొక అలవాటయింది. చర్చి అనగానే రెండు వరుసల నున్నని బెంచీలు, వాటి మధ్య ఎర్ర తివాచీ, ఆ చివర తెల్లగౌనులో పెళ్ళికూతురు, కొవ్వొత్తులు కళ్ళముందు కదులుతాయి. మా పాలమూరు జిల్లాలో పుట్టి పెరిగి, ఆదివారం పూట ఊరి చర్చిలోకి ఒక్కసారైనా తొంగిచూసిన వారికి ఈ బొమ్మ ఏ మాత్రం అతకదు. ఇక్కడ కుర్చీ, బెంచీ అన్నవి పాస్టరయ్యకూ ఊరికి వచ్చిన అతిథికీ వేసేవి. తక్కినవారందరికీ నేలే ఆసనం. గడప బయట చెప్పుల గుట్ట. లోపల ఒకవైపు ఆడవారు, మరొకవైపు మగవారు, కింద చాపలో జంపఖానాలో. ఎదురుగా కుట్టుపని గుడ్డ పరచిన బల్ల, ప్రసంగానికి ఒక ఎత్తు పీఠం, హార్మోనియం, డోలక్, రెండు జతల తాళాలు. గంట కొనే స్తోమత లేని చోట చెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని ఇనుపకడ్డీతో కొడితే ఊరి చివరి దాకా వినబడుతుంది. జడ్చర్ల మీదుగా రైలు పోతుంది కనుక మా వైపు ఇనుముకు కరువు లేకపోయింది కాబోలు!

పాత గుడులను వెతుక్కుంటూ తిరగడం నాకున్న జబ్బు. మా జడ్చర్ల పక్కనే అల్వాన్‌పల్లి దగ్గర ఇటుకలతో కట్టిన గొల్లత్తగుడి అనే ప్రాచీన జైనాలయం ఉంది. దాని సంగతి మరోసారి. ఈ మారు చర్చీల గురించి, అందులోనూ చర్చీలలోని సామాను గురించి చెప్పాలని ఉంది. నేను క్రైస్తవుణ్ణి కాను. అయితే ఒక మతాన్ని అర్థం చేసుకోవడానికి గ్రంథాలు చదవడం ఒక దారి అయితే, ఆ మతస్థులు ఏ వస్తువును ఎక్కడ పెట్టుకున్నారో, ఎక్కడ కూర్చున్నారో చూడడం మరొక దారి. నాకు రెండోదే చేతనవును.

మా వైపు చర్చీలు ఇంత నిరాడంబరంగా ఉండడానికి పేదరికం ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. వీటి వెనుక చిత్రమైన చరిత్ర ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషను 1875లో సికిందరాబాదులోనూ, 1879లో హనుమకొండలోనూ, 1885లో పాలమూరులోనూ కేంద్రాలు తెరిచింది. పాలమూరుకు వచ్చిన దొర పేరు ఎల్బర్ట్ చూట్. ఇక నల్లగొండకు వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ అమెరికా వాడు కాడు, ఇంగ్లీషు వాడూ కాడు. ఇప్పటి ఉక్రెయిన్‌లో, అప్పటి జారు చక్రవర్తి ఏలుబడిలో, జర్మన్ మాట్లాడుకుంటూ గోధుమలు పండించుకునే మెనొనైట్ల బిడ్డ. 1889లో భార్య మరియాతో కలిసి మన దేశానికి వచ్చి, మరుసటి ఏడు నల్లగొండ చేరాడు. మెనొనైట్లు ఆయుధం పట్టమని ఒట్టుపెట్టుకున్నవారు. ఆ ఒట్టు కోసమే దేశం తర్వాత దేశం మారినవారు. ఇదే శాఖవారు అమెరికాకు వలస పోయి, అక్కడి నుంచి 1899లో హైదరాబాదుకు మనుషులను పంపారు. 1937లో బాప్టిస్టుల పాలమూరు క్షేత్రం వీరి చేతికి వచ్చింది. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి అని మా పెద్దవాళ్ళు చెప్పుకునేది ఈ మెనొనైట్ బ్రదరెన్ వారిదే.

వీరికి బలిపీఠం లేదు, విగ్రహం లేదు, ధూపం లేదు. నాలుగు గోడలు, వాక్యం చదవడానికి ఒక పీఠం, రొట్టె ద్రాక్షారసం పెట్టడానికి ఒక బల్ల ఉంటే ఆరాధన జరిగిపోతుంది. ఒకే ఒక్క వస్తువు మాత్రం తప్పనిసరి, అది నీరు. నుదుట చిలకరించడం చాలదు, మనిషి నిండా మునగాలి. కరువుసీమలో ఇది చిన్న విషయం కాదు. మా దుందుభి వాగు నిండా పారే రోజులు ఏడాదికి ఎన్నో ఉండవు మరి. ఏ చెరువో, ఏ దిగుడుబావో వెతుక్కోవాలి. ఆ బావి ఎవరిది, అందులోకి ఎవరిని దిగనిస్తారు అన్న ప్రశ్న వెంటనే ఎదురొస్తుంది. బాప్టిస్టుల చరిత్రలో పెద్ద ఘట్టం కూడా నీటి దగ్గర జరిగిందే. ఒంగోలు దగ్గర వెలుంపల్లి రేవులో, గుండ్లకమ్మలో, 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అంతకు ముందు రెండేళ్ళ కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. మాట రానే వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

కరువు, కూలిపని, చర్చి. ఈ మూడూ ఒక్కచోట కలిసిన మరో కథ మెదకులో ఉంది. మా ఊరి చాపల చర్చీలను చూసిన కళ్ళతో ఆ రాతి చర్చిని చూడాలని చాలాకాలంగా కోరిక. అవే కులాల జనం, అదే కరువు నేల. సామాను మాత్రం పూర్తిగా వేరు. జడ్చర్ల నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి నర్సాపూరు అడవి దాటుకుని మెదకు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నం లోపు చేరవచ్చు. పొలాల మీదుగా ముందు గోపురం కనిపిస్తుంది, ఊరు తర్వాత కనిపిస్తుంది.

చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1895లో సికిందరాబాదుకు వచ్చి, మొదట తిరుమలగిరి దండులో బ్రిటిషు సిపాయిలకు బోధకుడుగా ఉన్నాడు. సిపాయిల మధ్య ఆయనకు మనసు నిలవలేదు. పల్లెలకు పోవాలని మెదకు చేరాడు. చర్చి నిర్మాణం 1914లో మొదలై పదేళ్ళు సాగి, 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. నక్షా గీసినది ఇంగ్లండులోని బోల్టన్ పట్టణపు బ్రాడ్‌షా, గాస్ అండ్ హోప్ సంస్థ. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం ఎత్తు 175 అడుగులు. సుమారు 5 వేల మంది పడతారు. గోథిక్ పద్ధతి, మన బూడిదరంగు రాయి. ఇంత పెద్దది కట్టినా అప్పటికది కతీడ్రల్ కాదు. మెథడిస్టులకు ఇక్కడ బిషప్పే లేడు! 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, బిషప్పు వచ్చాకే దానికి ఆ హోదా దక్కింది. అంటే పాస్నెట్ కట్టింది పల్లెజనం చేరడానికి ఒక గుడి, అంతే.

మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో, ఊరికే అన్నం పెట్టడం ఇష్టం లేక, పని చూపించి కూలి ఇవ్వడం కోసం పాస్నెట్ ఈ నిర్మాణాన్ని సాగించాడని మెదకులో అందరూ చెబుతారు. మా జిల్లావాడికి ఈ మాట వినగానే చెవులు నిక్కబొడుచుకుంటాయి. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టినవాళ్ళు. కట్టిన ఆనకట్ట నీళ్ళు తమ పొలానికి రాలేదన్నది వాళ్ళ పాట. మెదకు కూలీకి ఆ తేడా ఉంది. ఏ గోడకు రాయి మోశాడో ఆ గోడ లోపలికే వచ్చి కూర్చున్నాడు. మరో కథ కూడా అక్కడ వినిపిస్తుంది. గోపురం చార్మినారు కంటే ఎత్తుగా లేచేసరికి నిజాము ప్రభువు కలవరపడ్డాడట, ఆపించబోయాడట. చార్మినారు 160 అడుగులు, ఇది 175 కనుక లెక్క సరిపోతుంది. కథ మాత్రం లెక్క చూసుకుని తర్వాత అల్లినదని నా అనుమానం. ప్రతి గోపురానికీ ఒక అసూయపడే రాజు కావాలి మన జనానికి.

లోపలికి అడుగుపెట్టగానే ఎవరి కన్నైనా ముందు కిటికీల మీదికే పోతుంది. మూడు రంగుటద్దాల కిటికీలు. బలిపీఠం వెనుక నిలువెత్తున ఆరోహణం, అంటే క్రీస్తు పరలోకానికి లేచిపోవడం. రెండు పక్కలా జననం, సిలువ మరణం. వీటిని చేసిన ఫ్రాంక్ సాలిస్‌బరీ మామూలు చిత్రకారుడు కాడు. చర్చిల్‌ను, రూజ్‌వెల్ట్‌ను చిత్రించినవాడు. 1937లో ఆరవ జార్జి పట్టాభిషేకాన్ని పెద్ద పటంగా గీసినవాడు. కానీ పదిహేనేళ్ళ వయసులో ఆయన చేతికి మొదట అందింది కుంచె కాదు, గాజు. అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పనివాడుగా చేరాడు. పైగా నిష్ఠగల మెథడిస్టు. రాజులను గీసిన చెయ్యి మెదకు రైతుకూలీల కోసం గాజు ఎందుకు కోసిందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ పని గురించి రెండు మాటలు. రంగు కలిపి కాచిన గాజును బొమ్మకు తగ్గట్టు ముక్కలుగా కోస్తారు. కళ్ళు, ముక్కు, వస్త్రపు మడతలు వంటివి గాజురంగుతో గీసి కొలిమిలో కాలుస్తారు. ఆపైన ముక్కలన్నింటినీ సీసపు పట్టీలతో కూర్చి బిగిస్తారు. మన కంటికి నల్లని గీతలుగా కనిపించేవి ఆ పట్టీలే. గోడమీది చిత్రం వెలుతురు పడితే కనిపిస్తుంది. ఇది వెలుతురు తన గుండా వస్తేనే కనిపిస్తుంది. అందుకే బయట నిలబడి చూస్తే మసిబారిన పలకలా ఉండే కిటికీ, లోపల నిలబడితే భగ్గున వెలుగుతుంది. పొద్దు వాలాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా లాభం లేదు, బొమ్మ ఆరిపోతుంది. చదువురాని జనానికి ఇదే బైబిలు అని యూరపులో ఒకప్పుడు అనుకునేవారు. మెదకు సంఘంలో మొదటి తరం దాదాపుగా చదువురానివారే. మా వైపు పాస్టరయ్య వాక్యాన్ని చెవికి చెప్పాడు, ఇక్కడ కంటికి కూడా చెప్పారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఆ కిటికీల తేదీలు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. మొదటిది వచ్చేనాటికి మెదకు నిజాము రాజ్యం. రెండోది వచ్చిన ఏడు ఇంగ్లీషువాడు వెళ్ళిపోయాడు, హైదరాబాదు మాత్రం ఇంకా ఎటూ తేలలేదు. సైనిక చర్య మరుసటి ఏడు సెప్టెంబరులో. మూడోది వచ్చేనాటికి నిజాము లేడు, హైదరాబాదు రాష్ట్రమూ లేదు, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండేళ్ళు. సాలిస్‌బరీకి అప్పటికి ఎనభై ఏళ్ళు దాటాయి. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఒకే మనిషి చేతి గాజు ఒకే గోడకు వస్తూ ఉందన్నమాట. కథ వరుస చూస్తే జననం, మరణం, ఆరోహణం. కిటికీల వరుస చూస్తే ఆరోహణం ముందు, మరణం చివర. బలిపీఠం వెనుకనున్నది కనుక ముందు దానికే పూనుకుని ఉంటారు.

ఇక గచ్చు. కిటికీలు చూసి తల దించాక గానీ అది కనబడదు. ఇంగ్లండు నుంచి తెప్పించిన రంగురంగుల బిళ్ళలని, ఇటలీ పనివాళ్ళు పరిచారని చెబుతారు. వాకిట్లో ఒక పెద్దాయన, "చెప్పులు ఈడనే ఇడిసిపోండ్రి సారూ, గచ్చు చల్లగుంటది" అన్నాడు. నిజంగానే చల్లగా ఉంది. బిళ్ళల మీద మెరుగు తగ్గలేదు. పండుగ నాడు వేలమంది కూర్చునేది దీనిమీదే. ఇంగ్లీషు నక్షాలో ఎక్కడా లేనిది, ఏ బోల్టన్ వాస్తుశిల్పీ ఊహించనిది ఇది. గోథిక్ కప్పు కింద, పట్టాభిషేక చిత్రకారుడి కిటికీ ఎదుట, కాళ్ళు మడుచుకుని నేలమీద కూర్చున్న తెలుగు జనం.

ఎవరా జనం? ఎక్కువ భాగం మాలలు, మాదిగలు. ఊరి బావిలో నీళ్ళు తోడుకోనివ్వని వారు, ఊరి గుడి గడప తొక్కనివ్వని వారు. ఒకరి బావి దగ్గరికి మరొకరు పోని వారు కూడా. ఈ మాట దాచడంలో అర్థం లేదు. 1924ను ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ ఏడాది మార్చి 30న తిరువాన్కూరులో వైకం సత్యాగ్రహం మొదలైంది. అక్కడ అడిగింది గుడిలోకి ప్రవేశం కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడిచే హక్కు. అందుకోసం వానలో, వరదలో నిలబడ్డారు. డిసెంబరులో మెదకులో ప్రతిష్ఠ జరిగేనాటికి వైకం ఇంకా తేలలేదు. తిరువాన్కూరులో గుడి తలుపులు తెరుచుకున్నది 1936లో. మన దగ్గరే చూసినా, భాగ్యరెడ్డివర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, 1917లో బెజవాడ సభలో అధ్యక్షత వహించి, మేము పంచములం కాము, ఈ నేలకు ఆదివాసులమని చాటింది ఈ గోడలు లేస్తున్న కాలంలోనే. మెదకు గచ్చును ఆ పక్కన పెట్టి చూడాలి. అడుగు పెడితేనే మైలపడుతుందని ఊరు చెప్పిన పాదాల కింద, సముద్రం దాటి వచ్చిన బిళ్ళలు పరిచారు. నాకు తెలిసి ఆ చర్చిలో అన్నిటికంటే విలువైన సామాను అదే. కిటికీల ఫోటోలు ఎక్కడ చూసినా దొరుకుతాయి, దీని ఫోటో ఎవరూ తియ్యరు.

బల్ల సంగతి కూడా చెప్పాలి. ప్రభురాత్రి భోజన సంస్కారంలో ఒకే రొట్టె విరిచి, ఒకే పాత్రలోది తాగడం పాత పద్ధతి. యూరపులో ఇదొక భక్తికార్యం. మన పల్లెలో ఇది సహపంక్తి భోజనం. మాలవారు తాగిన పాత్రను మాదిగవారు, మాదిగవారు తాగిన పాత్రను మాలవారు అందుకోవాలి. వేదాంతం తెలియని ముసలవ్వకు కూడా ఆ పాత్ర అంచు దగ్గర ఏం జరుగుతోందో తెలుస్తుంది. చాలాచోట్ల చిక్కులు వచ్చింది కూడా అక్కడే. ఒక్కో ఊళ్ళో ఒకే కులపు చర్చి, ఒకే పాలెం చర్చి అన్నట్టు మిగిలిపోయినవీ ఉన్నాయి. పెళ్ళిసంబంధాల దగ్గర కులం మాట ఇప్పటికీ వినబడుతుంది. గచ్చు ఒక్కటే కులాన్ని తీసెయ్యలేదు. అయినా పక్కపక్కన కూర్చోవడం తేలికపాటి పని కాదని, మన గ్రామాలు తెలిసినవారు ఒప్పుకుంటారు.

బీరువాలో ఉండి, చూడవచ్చినవారి కంట పడని సామాను ఒకటుంది. అది రిజిస్టరు. పాత చర్చీలన్నిటిలోనూ బాప్తిస్మం, పెళ్ళి, సమాధి వివరాలు రాసే పెద్ద పుస్తకాలుంటాయి. భూమి లేనివాడి పేరు రెవెన్యూ దస్త్రంలో ఉండదు. నిజాము కాలపు వెట్టివాడి పేరు ఎవరు రాసిపెట్టారు? తాత పేరు, తండ్రి పేరు, ఊరు, తేదీతో సహా రాసిన మొదటి కాగితం ఎన్నో కుటుంబాలకు ఈ పుస్తకమే అయి ఉంటుంది. అదే పుస్తకం తర్వాత భయకారణమూ అయింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి.లలో సి వర్గంగా లెక్కిస్తారు, దాని వాటా ఒక్క శాతం. ఫలితంగా చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో మరో పేరు పెట్టుకున్న కుటుంబాలు మా జిల్లాలో కొల్లలు. ఇంట్లో సమూయేలు, సర్టిఫికెట్టులో సాయిలు అన్నట్టు. ఈ ప్రశ్నను పరిశీలించమని 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. కూర్చోవడానికి గచ్చు ఇచ్చిన గుడిలోనే పేరు రాయించుకోవడానికి జంకవలసి రావడం, ఈ కథలో నాకు మింగుడుపడని భాగం.

మెదకు గురించి మాట్లాడేటప్పుడు డోర్నకల్ మాట రాక తప్పదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడ కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ అయింది. అందులో గుడి మండపపు స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు కలిసి ఉంటాయి. తమిళుడైన బిషప్పు తెలుగునేల మీద, హిందువు కూడా, ముసల్మాను కూడా కొత్తచోటుగా భావించకూడదని అలా కట్టించాడు. రెండింటిలో ఏది మనది అని అడిగితే కళ్ళు మూసుకుని డోర్నకల్ అనాలి. మెదకు చూశాక నేను అంత తొందరగా చెప్పలేను. అక్కడ గోడలు మనవి, ఇక్కడ గోడలు పరాయివి. కానీ తరతరాలుగా గుడి స్తంభాలను బయటి నుంచే చూడవలసివచ్చిన మనిషికి, ఆ స్తంభాలే "మనవి" అని తోచాలని ఏమీ లేదు. ఎవరికీ చెందని గోథిక్ కమాను అతనికి హాయిగా అనిపించి ఉండవచ్చు. ఆ మాట మాత్రం ఆ గచ్చుమీద కూర్చున్నవారే చెప్పాలి.

వెళ్ళదలచిన మిత్రులకు రెండు సూచనలు. ఎండ బాగా ఉన్న రోజు, పొద్దువాలక ముందే వెళ్ళండి, కిటికీలు అప్పుడే పలుకుతాయి. క్రిస్మస్ నాడు ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కనుక వస్తువులు చూడాలంటే మామూలు రోజే మేలు, మనుషులను చూడాలంటే ఆ రోజే మేలు. తినడానికి ఏదైనా వెంట తీసుకుపోండి. ఆవరణలో చెట్ల కింద కూర్చుని సద్దిమూట విప్పుకునే కుటుంబాలు ఎప్పుడూ ఉంటాయి, చోటు అడిగితే జరిగి ఇస్తారు.